శనివారం గంట

మా నాన్నకు అడవిలో ఇంకో సంసారం ఉందని గంగక్క అన్నదట. అన్నది బోరింగు దగ్గర, విన్నది కన్నమ్మ, మా అమ్మ చెవిన వేసిందీ కన్నమ్మే. బిందె మా గడప మీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, తనకేమీ సంబంధం లేనట్టు చెప్పుకొచ్చింది.

"నా మాట కాదు ముత్యాలక్కా, దాని మాటే. సంచి నిండుగ పోతదంట, ఖాళీగ వస్తదంట. శనివారం శనివారం. మనిషిని తోడు తీస్కపోకుంట కుక్కను తీస్కపోతున్నడంటే ఏందన్నట్టు, కుక్క నోరిప్పదనే గద, అన్నది. నాకైతే నవ్వొచ్చింది. నేను నవ్వలే అనుకో."

అమ్మ కూడా నవ్వలేదు. "అవ్, దానికేం పని" అని ఊరుకుంది. కన్నమ్మ వీధి మలుపు తిరిగాక మాత్రం చాటలో బియ్యం ఎంత గట్టిగా చెరిగిందంటే, సగం నేలపాలయ్యాయి.

2007 ఎండాకాలం అది. భద్రాచలంలో డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి నేను ఇంట్లోనే ఉన్నాను. మా ఊరు పర్ణశాలకు కోసెడు దూరం, ఊరి వెనక నుంచే అడవి. మా నాన్న సవరయ్య మా పెంకుల గుడికి ఉపదేశి. ఫాదరుగారు రెండు వారాలకోసారి మోటారుసైకిల్ మీద వచ్చి పూజ చేసి పోయేవారు. మిగతా రోజుల్లో జపాలు, చావులు, పిల్లలకు జ్ఞానోపదేశం, గుడి గంట, అన్నీ నాన్నవే. శనివారం మరియమాతది కాబట్టి తెల్లవారుజామునే గంట. మూడు, మూడు, మూడు. తొమ్మిది దెబ్బలు. ఆడవాళ్ళు వచ్చి జపమాల చెప్పేలోపు నాన్న క్యాన్వాసు బూట్ల తాళ్ళు బిగించేవాడు. ఆఖరి జపం కాగానే సంచి భుజాన వేసుకుని అడవి దారి పట్టేవాడు. కొండపల్లెల్లో పిల్లలకు జపాలు నేర్పడానికి, అని మేమందరం అనుకునేవాళ్ళం.

తోడు తౌడు. తౌడు రంగు కుక్క, తౌడు అనే పేరు. ఎడమ చెవి చిరిగి ఉండేది. మొదటి దెబ్బకు లేచి ఒళ్ళు విరుచుకునేది. తొమ్మిదో దెబ్బకు గుమ్మం ముందు నిలబడేది. ఆదివారం ఎనిమిదింటికి కొట్టే గంటను మాత్రం పట్టించుకునేది కాదు. దాని మతంలో శనివారం ఒక్కటే పండుగ.

ఆ వారం సంచిలో ఉప్పు, ఎండుమిరపకాయలు సర్దుతూ అమ్మ గొణిగింది. "నా చేత్తోనే కట్టిస్తున్న. ఏ మహాతల్లి కూరల పడుతున్నయో." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మయీ, నువ్వు పోయి చూసి రా. అడవి చూడాలని ఉందను."

నాన్న కాసేపు నా ముఖం చూశాడు. అమ్మ ముఖం కూడా చూశాడు. ఆయనకు తెలియనిదేముంది.

"వస్తే రా బిడ్డా. చూసింది మాత్రం కడుపుల ఉండాలె. నోట్లెకు రావొద్దు."

బయలుదేరే ముందు గుమ్మం దగ్గర కూర్చుని తౌడు కాళ్ళు ఒక్కొక్కటీ తన ఒళ్ళోకి తీసుకుని అరికాళ్ళకు ఆముదం రాశాడు. అది కళ్ళు మూసుకుని రాయించుకుంది. "నాకు బూట్లు, దానికి ఆముదం" అన్నాడు. "మధ్యాహ్నానికి రాయి పెనమైతది."

తునికాకు తెంపేవాళ్ళు నడిచే బాట గంటసేపు. ఆ తర్వాత బాట లేదు, వాగు. మేలో ఆ వాగులో చుక్క ఉండదు. మోకాలిదాకా ఇసుక, ఇసుకలో దిగబడిన గుండ్రాళ్ళు, ఒడ్డున ఆకు రాల్చేసి ఎముకల్లా నిలబడ్డ చెట్లు. పొద్దెక్కేకొద్దీ కింది వేడి పైకి, పై వేడి కిందికి. నేను దారి కోసం నాన్న వైపు చూస్తుంటే ఆయన కుక్కను చూపించాడు.

"మనం దారి ఎతుకుతం. అది నీడ ఎతుకుతది. దాని ఎనక పోతే రెండూ దొరుకుతయ్."

నిజమే. తౌడు ఎప్పుడూ నీడ ఉన్న ఒడ్డునే నడిచేది. వాగు తిరిగిన చోట అదీ ఒడ్డు మారేది. మేం వెనకబడితే రాయెక్కి నిలబడి, నాలుక వేలాడేసుకుని, ఏం మనుషులురా అన్నట్టు చూసేది. రెండు గుట్టల మధ్య వాగు సన్నబడి ఎలుగుగొంది అనే చోట దూరింది. అటూ ఇటూ నిలువు రాతి గోడలు. పైన చీర అంచంత ఆకాశం. నేను దగ్గితే ఇంకెవరో దగ్గినట్టు వినిపించింది. గొందిలో ఒకచోట తౌడు ఆగి, మూతి ఇసుకలో పెట్టి వాసన చూసి, ముందుకాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. మూరెడు లోతులో ఇసుక రంగు మారింది. నాన్న కొబ్బరి చిప్పతో ఇంకాస్త తోడాడు. నీళ్ళు ఊరాయి. ముందు కుక్క తాగింది, తర్వాత మేము.

"ఎవరు కనిపెట్టిన్రు నాన్నా ఈ తావు?"

"ఇదే. నేను దాని శిష్యుణ్ణి."

గొంది దాటాక మలుపులో పెద్ద చెలమ, దాని పైన మెరకలో ఎనిమిది ఆకు గుడిసెలు. అదీ మా నాన్న రెండో సంసారం.

రాష్ట్ర సరిహద్దు అవతల వాళ్ళ ఊరు మార్చిలో తగలబడిందట. ఎవరు తగలబెట్టారని నేను అడిగితే నాన్న, "ఆళ్ళకు రెండు పక్కలా భయమే, నువ్వు మూడో పక్కవు కాకు" అన్నాడు. ఇవతలికి వచ్చి రెండు చోట్ల గుడిసెలు వేసుకుంటే, చెట్లు నరికారని అటవీశాఖ జీపులో వచ్చినవాళ్ళు రెండు చోట్లా పీకేశారు. ఇది మూడోది. జీపు రాలేని చోటు. పైగా వానలు పడేదాకా నీళ్ళున్న చోటు ఇదొక్కటే.

పిల్లలు నన్ను చూసి గుడిసెల వెనక్కి పోయారు. తౌడును చూసి బయటికి వచ్చారు. నాలుగేళ్ళ పిల్ల ఒకతి దాని మెడ వాటేసుకుని, మా భాష కాని భాషలో చెవిలో ఏదో పెద్ద కథే చెప్పింది. తౌడు ఓపిగ్గా విన్నది. ఆ పిల్ల తల్లి దేవె. మిరపకాయలు కోయడానికి మా వైపు కూలికి వచ్చిన ఏళ్ళలో కాస్త తెలుగు నేర్చుకుంది. నాన్న ఇచ్చిన ఉప్పు ఎనిమిది ఆకుల్లో పంచి పెట్టాక నా దగ్గరికి వచ్చింది.

"నీ బిడ్డా?" అని నాన్నను అడిగింది, నన్నే చూస్తూ.

"అవ్."

"మాట దాస్తదా?"

"దాస్తది."

డిగ్రీలో ఫస్ట్ క్లాసు వస్తుందని లెక్చరర్ చెప్పినప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

తిరుగు దారిలో, గొంది బయట, నాన్న కాలు రెండు గుండ్రాళ్ళ మధ్య ఇరుక్కుంది. పెద్దగా పడలేదు కూడా. కూర్చున్నట్టే పడ్డాడు. చీలమండ దగ్గర టప్పుమన్న చప్పుడు నాకు వినిపించింది. నా భుజం మీద బరువు వేసి నాలుగడుగులు, కూర్చోవడం, మళ్ళీ నాలుగడుగులు. తౌడు ముందుకు పోయి చూసి వెనక్కి వచ్చేది, మా చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకు పోయేది. దానికి కూడా ఏం చేయాలో తోచని దారి అదొక్కటే అనుకుంటాను. పొద్దు వాలాక తునికాకు బండి ఒకటి దొరికింది. భద్రాచలం దవాఖానాలో మోకాలిదాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు.

ఇల్లు చేరాక అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "ఏం చూసినవ్?"

చెప్పేశాను. అమ్మకు చెప్పడం ఒకరికి చెప్పినట్టు కాదనుకున్నాను. గంగక్క మాటతో వారం రోజులుగా అన్నం సయించని మనిషి ముందు నోరు మూసుకుని ఎలా కూర్చోవాలో ఏ చదువూ నాకు నేర్పలేదు. అమ్మ విన్నది. కళ్ళు తుడుచుకుంది. పోయి నాన్న కట్టు మీద చెయ్యి వేసి కూర్చుంది.

మర్నాడు బోరింగు దగ్గరికి తల ఎత్తుకుని పోయింది. అక్కడ జరిగింది నాకు కన్నమ్మ చెప్తేనే తెలిసింది, అప్పటికే రెండు రోజులు ఆలస్యం.

"అబ్బో, మీ అమ్మ గంగక్కను ఎట్ల కడిగిందనుకున్నవ్! మా ఆయన పోయేది ఇల్లు కాలినోళ్ళకు ఉప్పు పెట్టను, నీ లెక్క ఊరోళ్ళ ఇండ్లల్ల చిచ్చు పెట్టను కాదు, అన్నది. గంగక్క ఊరుకుంటదా? ఏడున్నరే ఆ ఇల్లు కాలినోళ్ళు, చూపియ్ అన్నది. మీ అమ్మ, నాకేం తెల్సే, మా ఆయనకు తెల్సు, మా కుక్కకు తెల్సు అన్నది. బోరింగు కాడ అందరం నవ్వినం."

ఆ శనివారం గంట లేదు. తౌడు తెల్లవారుజామునే గుమ్మం ముందు నిలబడింది. గుడి వైపు ఒకసారి, నాన్న మంచం వైపు ఒకసారి చూసింది. "ఇయ్యాల లేదు పో" అన్నాడు నాన్న. అది పోలేదు. మధ్యాహ్నందాకా అట్లాగే ఉండి, తర్వాత పడుకుంది. పెట్టిన అన్నం ముట్టలేదు.

మంగళవారం జీపు వచ్చింది. అందులోంచి దిగిన మనిషి మర్యాదస్తుడే. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. నాన్న కాలు గురించి అడిగాడు. ఎముక అతుక్కోవడానికి ఏం తినాలో అమ్మకు చెప్పాడు. అమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఒంగి తౌడు తల నిమిరాడు.

"ఇదేనా ఉపదేశిగారూ ఆ కుక్క?"

"ఏ కుక్క సార్?" అన్నాడు నాన్న.

"ఏం లేదు. మంచి కుక్క." వెళ్ళిపోయాడు.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. "కుక్కను కట్టెయ్యి బిడ్డా" అన్నాడు నాన్న.

పుట్టి బుద్ధెరిగాక తౌడు మెడకు తాడు ఎరుగదు. నులక తాడుతో పందిరి గుంజకు కట్టాను. బుధవారం అరిచింది. గురువారం ఏడ్చింది. కుక్క ఏడుపంటే ఏమిటో వినని వాళ్ళకు చెప్పలేను. శుక్రవారం సాయంత్రానికి మెడ చుట్టూ బొచ్చు ఊడి, తోలు ఎర్రగా చెమ్మగిల్లింది. అరికాళ్ళకు రాసే ఆముదమే తెచ్చి మెడకు రాశాను. రాస్తూ ముడి విప్పాను. పుండు ఆరేదాకా అనుకున్నాను. అది ఎక్కడికీ పోలేదు. నాన్న మంచం కిందికి దూరి, కట్టు వేసిన కాలి నీడలో పడుకుంది. మళ్ళీ కట్టడానికి నాకు చేతులు రాలేదు.

తెల్లవారకముందే కన్నమ్మ వచ్చి కిటికీ కొట్టింది. వెనక నలుగురు ఆడవాళ్ళు, చేతుల్లో జపమాలలు.

"మయీ, లెవ్వు. మరియమాత నెల, ఆఖరి శనివారం. పోయిన వారం గంట లేకపాయె, ఈ వారమూ లేకుంటే ఎట్ల? గుడికి అరిష్టం. మీ నాయినకు లేవరాదు, నీకు చేతుల్లేవా?"

నాన్న నొప్పి మాత్రలు వేసుకుని ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్నాడు. లేపడం ఎందుకనుకున్నాను. నాన్న తాడు పట్టే పద్ధతి చిన్నప్పటి నుంచీ చూసిందే. మూడు కొట్టి ఆగాలి, ఒక చిన్న జపం పట్టేంతసేపు. మళ్ళీ మూడు. తప్పు లేకుండా కొట్టాను. కన్నమ్మ, "అచ్చం సవరయ్య కొట్టినట్టే ఉన్నది" అన్నది. నాన్న లేకుండా అది బయలుదేరుతుందని నాకు తట్టనే లేదు.

తొమ్మిదో దెబ్బ మోగుతుండగానే ఇంట్లోంచి నాన్న కేక.

"ఎవరు కొట్టిన్రు గంట? మయీ! కుక్కేది? కుక్కేదే!"

నేను ఇంటికి పరుగెత్తేసరికి ఆయన మంచం మీంచి కట్టు కాలు కిందికి దించి, గోడ పట్టుకుని లేవబోయి, అమ్మ మీద పడిపోయి ఉన్నాడు. గుమ్మం ముందు ఎవరూ లేరు.

వాగు దిగే చోట, శనివారం కోసమే కాపు కాసినట్టు, జీపు ఆగి ఉంది, పక్కన ఖాళీ ట్రాక్టరు. ఇసుకలో బూట్ల గుర్తులు, వాటికి ముందు నాలుగు కాళ్ళ గుర్తులు. ఎంత పరుగెత్తినా ఇసుకలో మనిషి ఎంత దూరం పోతుంది? రెండో మలుపులో కనిపించారు. చేతుల్లో కర్రలతో ఆరుగురు, ముందు జీపాయన, ఆయనకు ముందు నూరడుగుల దూరంలో తౌడు. తోక పైకెత్తి, నీడ చూసుకుంటూ, వాళ్ళు వెనకబడితే రాయెక్కి ఆగుతూ.

"తౌడూ!"

ఆగింది. నన్ను చూసింది. తోక ఊపింది. నేను కూడా వస్తున్నానని సంతోషపడి, ఇంకా హుషారుగా ముందుకు సాగింది. పిలవడం మానేశాను. రాయి తీసి విసిరాను. నడుముకు తగిలింది. కుయ్యిమని గొంది వైపు పరుగు తీసింది. నేను చేయగలిగిందల్లా దాన్ని తొందరపెట్టడమే అయ్యింది.

జీపాయన వెనక్కి తిరిగాడు. "ఎందుకమ్మా కొడుతున్నవ్ నోరు లేనిదాన్ని?"

"సార్, ఆళ్ళు వానలొచ్చేదాక ఉంటరు సార్. నీళ్ళు ఆడనే ఉన్నయ్."

"నాకు పైనోళ్ళు చెప్పిన్రు, నన్ను నువ్వు అడుగుతున్నవ్. ఇద్దరి చేతుల్ల ఏం లేదు. ఎండ పడ్డది, ఇంటికి పో." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను చేరేసరికి మూడు గుడిసెలు నేల మీద ఉన్నాయి. మిగిలినవి ఆ మనుషులు పీకుతుంటే, వాటిలో ఉన్నవాళ్ళే ముందు చట్టీలు, తట్టలు బయట పెట్టుకుంటున్నారు. ఎవరూ అరవలేదు. మూడోసారి కాబట్టి చేతులకు వరస అలవాటైపోయింది. చెలమ దగ్గర తౌడు తడి మూతితో పడుకుని ఉంది. ఆ చిన్నపిల్ల దాని మెడ మీది పుండును వేలితో మెల్లగా తాకి, నోటితో ఊదుతోంది.

దేవె నా వెనక చూసింది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

"నాయిన రాలే?"

"కాలు ఇరిగింది."

తల ఊపింది. తట్ట నెత్తికెత్తుకుంది. అందరినీ గొంది గుండా నడిపించి ట్రాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. చివరగా ఇద్దరు మనుషులు చెలమలో రాళ్ళు వేసి పూడ్చారు. మళ్ళీ ఎవరూ రాకుండానట. వాళ్ళు అటు పోగానే తౌడు వచ్చి ఆ రాళ్ళ పక్కన వాసన చూసి, తవ్వడం మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చి నాన్నకు చెప్పాను. గంట నేనే కొట్టానని, ముడి నేనే విప్పానని, అమ్మకు నేనే చెప్పానని, మొత్తం చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఆ రోజు నుంచి బోరింగు మానేసి, ఊరి చివర బడి దగ్గరి బోరింగు నుంచి నీళ్ళు మోసుకొచ్చేది. తౌడును మళ్ళీ కట్టలేదు. ఇంక కట్టి దాచేదేముంది?

జూన్ ఆఖర్లో నాలుగు వానలు పడ్డాక నాన్న కట్టు విప్పారు. కర్ర పట్టుకుని మొదటిసారి నడిచింది పర్ణశాల దాకా. ట్రాక్టరు వాళ్ళను ఎక్కడ దించిందో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ అక్కడి గుడి మెట్ల దగ్గర ఎవరో సరిహద్దు అవతలి మనిషి చీపుర్లు అమ్ముతోందని కన్నమ్మ చెప్పింది. అమ్మ సంచి కట్టింది. ఈసారి ఎవరి కూరలో పడుతుందని అనలేదు. మా వెనకే వచ్చింది.

తౌడే ముందు చూసింది. యాత్రికుల కాళ్ళ మధ్య నుంచి దూసుకుపోయి ఆ పిల్ల ఒళ్ళో మూతి పెట్టింది. పిల్ల సన్నబడింది, తల గొరిగించి ఉంది. చీపుర్ల కట్టల వెనక దేవె కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, ముఖం తిప్పుకోలేదు. నాన్న కర్ర మీద ఒంగి, కాలు చాపి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. అమ్మ ఉప్పు సంచి ముందుకు జరిపింది. దేవె విప్పి, చిటికెడు నాలుక మీద వేసుకుని చూసి, మూట కట్టి పక్కన పెట్టుకుంది.

"అందరూ బాగున్నరా?" అన్నాడు నాన్న.

"ముసలామె ఒకతి పోయింది. తక్కినోళ్ళు ఉన్నరు."

నాన్న ఒక చీపురు తీసుకుని పుల్లలు సరిచేశాడు.

"ఏ దిక్కున ఉంటున్నరమ్మా? చెప్పు. శనివారం వస్త. నడుస్తున్న ఇప్పుడు."

దేవె కుక్కను చూసింది, నన్ను చూసింది, అమ్మను చూసింది. కోపంగా కాదు. వాన వస్తుందా రాదా అని ఆకాశం చూసినట్టు చూసింది.

"చెప్ప. నువ్వు మంచోడివే. నీకు తెలిస్తే కుక్కకు తెలుస్తది."